చేపతోక సంతకం

మూడు కుర్చీలకు నలుగురు నిలవడ్డరు.
నాలుగో ఆయన ఎందుకు నిలవడ్డడో
షామీర్‌పేట రిసార్టుల కుక్కలకు గూడ ఎరికే.

ఒక్క కుర్చీకి ముప్ఫై ఓట్లు కావాలె.
నా ఏసీ బస్సుల సరిగ్గ ముప్ఫై మంది ఎమ్మెల్యేలు.
ఫోన్లన్నీ ఒక సంచిల ఏసి మూతి కుట్టిన్రు.
పొద్దుగాల ఇడ్లీ వడ,
పది కొట్టంగ హాల్ల కూసోవెట్టి
ఒకటి రాసుడు నేర్పుడు.
"అంకె. అక్షరాల్ల కాదు.
టిక్కు వద్దు, సున్న చుట్టొద్దు, పేరు అసలే వద్దు.
వాళ్లిచ్చిన ఊదారంగు పెన్నే. జేబుల పెన్ను తియ్యొద్దు."
లచ్చ ఓట్లు తెచ్చుకున్నోళ్లు
ఒకటో తరగతి పిల్లల లెక్క తలలొంచి రాస్తుంటే
కిటికీలకెల్లి నేనూ, క్లీనర్ మొగిలీ చూసినం.
నవ్వొచ్చింది, నవ్వలే.
నోరు మూసుకున్నందుకు రోజుకు ఐదు నూర్లని
ట్రావెల్స్ ఓనరు ముందే చెప్పిండు.

ఢిల్లీకి పోయేటాయన ఒక్కసారే వచ్చిండు.
మందుల కంపెనీ ఆయనదట.
ముప్ఫై మందికి ముప్ఫై నమస్కారాలు,
పేర్లు మాత్రం పక్కనున్న పిల్లగాడు చెవుల చెప్తుండు.

రెండో రాత్రి, జెనరేటర్ వెనుక,
చెప్పుల్లేకుంట కైలాసం సారు.
మా ఎమ్మెల్యే.
నేను నాలుగు గంటలు లైన్ల నిలవడి ఓటేసిన మనిషి.
నన్ను గుర్తుపట్టలే.
"తమ్ముడూ, ఫోనియ్యవా, ఇంట్ల జరమున్నది" అన్నడు.
ఇచ్చిన.
ఆయన "ఊఁ" అన్నడు నాలుగుసార్లు.
జరమెంతున్నదో అడగలే.
ఫోను కండువకు తుడిచి ఇచ్చిండు.
తర్వాత చూస్తే ఆ నంబరూ లేదు, ఆ కాలూ లేదు,
ఛార్జింగు రెండు శాతం తగ్గిందంతే.

పోలింగునాడు మిరుగు వాన.
అల్వాల్, ప్యారడైజ్, ట్యాంక్‌బండ్,
ముందు పోలీసు జీపు, వెనుక పోలీసు జీపు,
సిగ్నళ్లన్నీ నాకే పచ్చగ.
ఇరవై రెండేండ్ల డ్రైవరీల
ఈ పట్నం నాకు గిట్ల దారిచ్చుడు అదే మొదలు.
అద్దంల చూస్తే ముప్ఫై మంది పెదవులు కదులుతున్నయి.
దేవుని తలుస్తున్నరో, ఒకటి తలుస్తున్నరో.

నేను ఓటేస్తే అట్ట చాటున ఏస్త.
ఇంటిదానికి గూడ చెప్ప.
వాళ్లు రాసిన కాయితం
పార్టీ మనిషికి విప్పి చూపించినంకనే డబ్బల ఏస్తరట.
మా నమ్మకం మాకు లేకున్న నడుస్తది,
వాళ్లకు వాళ్ల మీద లేనిది
వాళ్లే రూల్ల రాసుకున్నరు.

రాత్రి తొమ్మిదికి అసెంబ్లీ ఎదురుంగ
సత్తార్ భాయ్ చాయ్ బండి కాడ తెలిసింది.
ఒక్క ఓటు చెల్లలేదట.
రెండో లెక్కల మందుల కంపెనీ ఆయన పోయిండట.
ఒకటి సక్కగనే ఉన్నదట,
పక్కన ఎవరో సంతకం పెట్టిన్రట.
పేరు చదవరాలేదు,
ఆఖరుకు చేపతోక లెక్క ఒక గీత, అన్నడు భాయ్.

చాయ్ చేతులనే ఆగింది.
ఆ తోక నాకెరికే.
మా ఊరి బస్టాండు ఫ్లెక్సీ మీద,
ఉగాది శుభాకాంక్షల కింద, మూరెడు పొడుగు
ఏడాది పొడుగూత ఎండకు ఎలిసినా పోలే.
మా వాగు మీద కల్వర్టు కాయితం
మూడేండ్ల సంది పట్టుకొని తిరిగితే
"చూద్దాం" అన్నడు, పెన్ను లేదన్నడు,
పీఏను కలువుమన్నడు.

అలవాటో, బేరమో నాకు తెల్వది.
ఆ నాలుగు "ఊఁ"లు నా ఫోన్ల నుంచే పోయినయి,
గంత వరకే తెలుసు.

ఉప్పల్ల బస్సు పెట్టినంక
మొగిలి సీట్ల కింద ఊడిస్తే
నేర్చుకున్న కాయితాలు ఎన్నెళ్లినయో.
ఒకటి ఒకటి ఒకటి,
వంకర ఒకటి, లావు ఒకటి, చెరిపేసిన ఒకటి.
"వెనుక తెల్లగనే ఉన్నయి, పిల్లకు పనికొస్తయి"
అని మడిచి జేబుల పెట్టుకున్నడు.

ఇంటికి ఫోను చేసిన.
"వాగు వచ్చిందా?"
"మోకాళ్ల దాకా. పిల్లను బడికి తోలలే."
"ఊఁ" అన్న.