కిటికీలో రెండు గ్లాసులు

తాత ఆర్మాస్ చొక్కా దులిపితే
మా గడప ముందు జూలైలో కూడా మంచు పడేదట.
అమ్మమ్మ లెంపి రెండు చేతులా పట్టుకుని విదిలించేది.
ఆ రాతినార గని పక్క ఇళ్లన్నిట్లో
సాయంత్రం అయిదింటికి అదే చప్పుడు.
నారలు జుట్టులో చిక్కుకునేవి, పాల మీద తేలేవి.
పిల్లలు నాలుక చాపి పట్టుకునేవాళ్లు.

తాత పోయేనాటికి నలభై తొమ్మిది.
చివరి చలికాలమంతా కుర్చీలోనే నిద్ర,
పడుకుంటే గాలి అందదని.
"లోపల సూదులున్నాయమ్మా" అన్నాడట డాక్టరు.
"నిప్పుకి కాలవు, నీటికి నానవు.
మనిషి పోయినా అవి ఉంటాయి."

ఉన్నదంతా మూటగట్టుకుని
దక్షిణానికి దిగారు, సైమా సరస్సు ఒడ్డుకి.
అక్కడా ఒక గొయ్యి. అక్కడా తెల్లటి రాయి.

మా అమ్మ ఐలికి పంతొమ్మిది.
కదిలే బెల్టు పక్కన నిలబడి
బూడిదరంగు సున్నపురాయిలోంచి
వొలాస్టొనైట్ ముక్కలు ఏరే పని.
మొదటి రోజు ఇంటికొస్తే
అమ్మమ్మ ఆమె భుజం మీది దుమ్ము వేలితో తీసి
దీపం కింద పెట్టి చూసింది.
సూదులు.
తలుపు వేసేసింది.

మైనస్ పద్దెనిమిదిలో
మెట్టు మీద మేజోళ్లతో నిలబడి
తలుపు సందులోంచి కెమిస్ట్రీ చెప్పింది మా అమ్మ:
"ఇది వేరే రాయమ్మా,
సున్నపురాయీ ఇసుకా భూమి కడుపులో కాగి కాగి కలిసిపోతే పుట్టింది.
మట్టిలో కలిపితే పలకలు బట్టీలో వంకర పోవు,
రంగు గోడని గట్టిగా పట్టుకుంటుంది,
బ్రేకుల్లో వేస్తున్నారు, అట్టల్లో వేస్తున్నారు,
రాతినార ఖాళీ చేసిన ప్రతి కుర్చీలో
దీన్నే కూర్చోబెడుతున్నారు."

లోపలినుంచి జవాబొచ్చింది:
"పాము పోయిందని
దాని చెల్లెల్ని మెడకి చుట్టుకుంటావా?"

మర్నాడు అమ్మ జేబులో చిటికెడు పొడి తెచ్చింది.
పాత పొయ్యి వెనకున్న అట్టని గోరుతో గీకింది,
అందులో ఉన్నది తాత తవ్విన నారే.
రెండు గ్లాసులు. రెండింట్లో వెనిగర్.
వంటింటి కిటికీలో, జెరానియం కుండీకి అటొకటి ఇటొకటి.

అమ్మమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.
కాఫీ కాస్తూ చూసేది, చేపలు తోముతూ చూసేది,
రాత్రి లేచి అగ్గిపుల్ల గీసి చూసేది.

తొమ్మిదో రోజుకి ఒక గ్లాసులో సూదులు లేవు.
అడుగున గంజి తెట్టులాంటిదేదో, మెత్తగా.
రెండో దాంట్లో
పెట్టినవి పెట్టినట్టే.

అమ్మమ్మ గంజిని చెంచాతో కదిపింది.
చాలాసేపు కదిపింది.
"దీనికి మరిచిపోవడం వచ్చు" అంది.

తలుపు తెరిచింది గానీ
బట్టలు బయటే విప్పించింది, ముప్పై ఏళ్లూ.
దుమ్ము దుమ్మేనంది.
ఆ మాట మీద ఇద్దరికీ చివరిదాకా పడలేదు.

నేను పలకలు కాలుస్తాను.
ఒక్కో బస్తా విప్పి, ముక్కుకి గుడ్డ కట్టుకుని,
ఆ తెల్లటి పొడిని బంకమన్నులో పిసుకుతాను.
సున్నపురాయి ఈ రాయిగా మారేటప్పుడు
దాచుకున్న గాలంతా వదిలేస్తుందట.
పొలంలో చల్లితే, వానకి కరుగుతూ,
మెల్లగా కొంత వెనక్కి తీసుకుంటుందట.
స్ప్రూస్ చెట్ల కింద పులిసిపోయిన నేలలో
రెండు బస్తాలు చల్లి చూశాను.
బంగాళాదుంపలు ఫర్వాలేదు.
మిగతాది నాకు కనపడేది కాదు.

ఈ ఏడు నాకు నలభై తొమ్మిది.
నిద్ర పట్టని రాత్రి నా ఊపిరి నేనే లెక్కపెట్టుకుంటాను,
లోపలికి, బయటికి, ఎక్కడా గుచ్చుకోకుండా.

గంజి గ్లాసు అమ్మమ్మ ఎప్పుడో కడిగి వాడేసింది.
రెండోది మూత బిగించి, మైనం పోసి ఉంచింది.
అది నా అలమారలో ఉంది.
కదిపితే ఇప్పటికీ తళుక్కుమంటుంది.
పారెయ్యడానికి చోటు
నాకింకా దొరకలేదు.