మౌనాల లెక్క

టే నది మీది పొగమంచు పెర్త్ రోడ్డెక్కి
మూడో అంతస్తు కిటికీ దాకా వచ్చిన రోజు
ప్రొఫెసర్ ఐల్సా గెడ్డీస్ నన్ను పనిలో పెట్టుకుంది.
"మాటలు యంత్రం రాసేస్తుంది.
అది పారేసినవి నువ్వు ఏరాలి."

తెరలతో బతకడం ఎలా ఉంటుందో
డండీ ఊరివాళ్లు చెప్పుకున్న గోడు,
నూట పన్నెండు గంటలు.
సాఫ్ట్‌వేరు దాన్ని దువ్వి, చిక్కుతీసి, జడేసి ఇస్తుంది.
దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు నావి:
దగ్గులు, గుటకలు, మాట మధ్యలో ఆగిపోవడాలు.
ఒక్కోదాని పక్కనా సెకన్లు వెయ్యాలి.
అనుభవమంటే ఏమిటన్నది ఆవిడ ప్రశ్న.
గ్రాంటు దరఖాస్తులో అది ముప్ఫై పేజీలు.
ఆవిడ గదిలో గోడ గడియారం మాత్రం
రెండేళ్లుగా నాలుగుంబావు దగ్గరే ఉంది.

గోర్డన్, బస్సు డ్రైవరు:
"ముప్ఫయ్యేళ్లు తిప్పిన ఊరే. ఇప్పుడు తెర మలుపు చెప్పందే
(ఆరు సెకన్లు. ఎక్కడో కప్పులో చెంచా)
చెయ్యి తిరగడం లేదు."
యంత్రం ఆ రెండు ముక్కలూ అతికించేసింది.
అతికాక అది ఒట్టి ఫిర్యాదు.
ఆ ఆరు సెకన్లూ వెనక్కి పెడితే
ఒక మనిషి తన చేతినే
ఎవరో మర్చిపోయి వెళ్లినదానిలా చూసుకోవడం.

నెటీ, ఎనభై ఏడేళ్లు, ఒకప్పుడు గోనె మిల్లులో నేత.
మగ్గాల హోరులో పెదాలు చూసే మాట్లాడుకునేవారట.
"వీడియోలో మనవరాలి పెదాలు ముందొస్తాయి, చప్పుడు ఆనకొస్తుంది.
నాకు ముందే తెలిసిపోతుంది.
నవ్వడానికి ఆగుతాను."
నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసిన మా మేనత్తా అంతే,
ఇంటికొచ్చాక కూడా చేతుల్తోనే తిట్టేది.
ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

ఓ మధ్యాహ్నం ఆవిడ నా వెనక నిలబడింది.
"వింటూ ఏదో అంటున్నావు."
ఊఁ కొడుతున్నానండీ.
మా దగ్గర కథ చెప్పేవాళ్లకే కాదు, వినేవాళ్లకీ పనుంటుంది.
ఊఁ లేకపోతే కథ నడవదు.
"అవునని అర్థమా?"
కాదు. ఉన్నానని.
"ఇప్పటి యంత్రాలూ అంటాయిగా, అర్థమైందని."
అర్థం కాకపోయినా కొడతామండీ ఊఁ.
నిద్రలో కూడా కొడతాం, దొరికిపోయేదాకా.
నవ్వింది. నోటుబుక్కు అట్ట మీద రాసుకుంది,
దీర్ఘం లేకుండా.
దిద్దుదామనుకుని ఊరుకున్నాను.

జనవరిలో పేరు లేని ఫైలొకటి వచ్చింది.
గొంతు ఆవిడదే. వంటింట్లో స్పీకరుతో మాట్లాడుతోంది.
గుడ్డుకి నాలుగు నిమిషాలు పెట్టమంది.
రేపు వానా అంది. వానేనంది అది.
తర్వాత, ఉప్పెక్కడుందని అడిగినంత మామూలుగా,
"హేమిష్ చెప్పుల సైజెంత?"

క్షమించండి, ఆ వివరం నా దగ్గర లేదు.

ఇంకేమీ లేదు.
ఫ్రిజ్ గురక. మరిగే నీళ్లలో
గుడ్డు గిన్నెకి తగులుకుంటున్న చప్పుడు.
గంట మోగింది. చాలాసేపు మోగింది.
ఎవరూ ఆపలేదు.

యంత్రం రాసిన ప్రతిలో ఇదంతా ఆరు వరసలు,
తప్పు ఒక్కటీ లేదు.
నేను సెకన్లు వెయ్యబోయాను.
నూట తొంభై దాకా వచ్చి లెక్క తప్పాను.
వెనక్కి తిప్పలేదు.
పక్క గదిలో ఆవిడ ఏదో టైపు చేస్తోంది,
మధ్య తలుపు తీసే ఉంది.
అది తెలిసే
ఊఁ అన్నాను, కాస్త పైకే.

టైపు చప్పుడు ఆగింది.
ఎన్ని సెకన్లో చూడలేదు.