నాలుగు వేల దగ్గర గుంట

ఫహహీల్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల,
మా క్లినిక్‌లో ఒక చెక్క గది ఉంది.
తలుపేస్తే ఏసీ కూడా నోరు మూసుకుంటుంది.
రిఫైనరీ మనుషులు ఏడాదికోసారి
అందులో కూచుని మీట నొక్కి పోతారు.

ఇవాళ కోరుట్ల పోశెట్టి.
పదకొండేళ్లుగా కంప్రెషర్ షెడ్డు.
"సద్దు వినపడితే నొక్కల్ల, అంతే" అన్నాను నా రాయచోటి యాసలో.
"గంతేనా మేడం?"

అంతే. కానీ అంత కాదు.
కణత లోపల, హార్మోనియం మెట్లలా వరసగా కణాలు:
ఈ చివర డప్పు, ఆ చివర కీచురాయి.
ఒక్కో కణానికి ఒక్కో శ్రుతి మీద మనసు.
తన శ్రుతి తగిలిందా, చిటుక్కుమంటుంది.
ఆ చిటుకే భుజం దిగి, మోచెయ్యి దాటి
బొటనవేలై మీట మీద పడుతుంది.

ఐదు వందలు, నొక్కాడు.
వెయ్యి, నొక్కాడు.
రెండు వేలు, కాస్త ఆలోచించి.
నాలుగు వేలు.
అద్దం అవతల తన బూట్ల కేసి చూస్తున్నాడు.
నేను పెంచుతూ పోయాను.
గ్రాఫు మీద గుంట పడింది,
సకారాలు తకారాలు జారిపడే గుంట.
"ఫోన్ల మా ఇంటామె గొణిగినట్టే ఉంటది" అన్నాడు తర్వాత.

అప్పుడు, నేనేమీ పంపని చోట
నొక్కాడు.
మళ్లీ నొక్కాడు.
"ఏం వినపడింది?"
"సన్నగ... దూరంగ పిండిగిర్ని తిరిగినట్టు. మీరు పెట్టలే?"

పెట్టలేదు.
పని పోయిన కణాలు ఊరికే కూచోవు పోశెట్టన్నా,
జీతం ఆగినా డ్యూటీకెక్కే కంపెనీ మనుషుల్లా.
ఫారంలో దానికి గడి లేదు.
"తప్పు జవాబులు: రెండు" అని రాశాను.

వరండాలోకి వచ్చి పిలిచాను, "పోశెట్టి గారూ!"
నమాజు వేళల గడియారం చూస్తున్నాడు, కదల్లేదు.
కౌంటర్లో మిస్రీ కుర్రాడు తలెత్తకుండానే
"బోశెట్టి!" అన్నాడు, పకారం ఎరగని నోటితో.
మెడ గిర్రున తిరిగింది.

పెదవి ముందు విడిందా, గొంతు ముందు మోగిందా,
ప కీ బ కీ మధ్య ఉన్నది అంతే,
రెప్పపాటులో పదో వంతు కూడా కాదు.
ఆ ఎడానికి కాపలా ఉండే కణాలు
పదకొండేళ్ల "యల్లా బోశెట్టి"ల తర్వాత
గట్టును జరుపుకున్నాయి, ఏటికింత.

చీటీ తీసుకుని మెట్ల దగ్గర ఆగాడు.
"ఆ గిర్ని, మందేస్తె పోతదా?"
"పోదు. అలవాటైపోతుంది."
"పోకుంటెనే మంచిది" అన్నాడో,
"పోకుంటె ఏం మంచిది" అన్నాడో.
కింద క్యాంపు వ్యాను రివర్సులో కూస్తోంది.