మూడు వాటాలు

రాత్రి పదింటికి చార్జి తీసుకున్నాను.
తుర్కు ఓడల యార్డు, అరవై తొమ్మిది, ఫిబ్రవరి.
బయట ఔరా నది గడ్డకట్టి ఉంది.
లోపల మిషను వేడికి నేను స్వెట్టరు విప్పేశాను.

పొద్దున లిండ్‌రూస్ గారు గీసి వెళ్ళిన గోడలే ఇప్పటికీ:
పెద్ద వాటా నూట ఇరవై ఎనిమిది,
నడిమిది నలభై ఎనిమిది,
చివరిది ముప్పై రెండు.
వీధి గదిలో ఇంటాయన, అదే, సిస్టం.
అద్దె కట్టడు, ఖాళీ చెయ్యడు.

పెద్ద వాటాలో ఉక్కు రేకుల లెక్క దిగింది.
దాని ఒంటికి యాభై రెండు చాలు.
మిగతా డెబ్భై ఆరూ తాళం పడ్డట్టే,
గడప బయట ఎవరు నిలబడి వణికినా సరే.
నడిమి వాటాలో జీతాల లెక్క.
ఎవరి కుంపటి వాళ్ళది.

చేసే చెయ్యి మాత్రం ఒక్కటే.
రేకుల లెక్క టేపు కోసం కేకేసి కూర్చోగానే
ఆ చెయ్యి జీతాల గుమ్మంలోకి దూరుతుంది.
జీతాలు డిస్కు దగ్గర ఆగితే మళ్ళీ ఇటు.
ఒకరి ఎదురుచూపులో ఇంకొకరి పొయ్యి వెలుగుతుంది.
దీపాలు చూస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టుంటుంది.
కాదు. ఒక్కరే, గొంతు మార్చి మార్చి.

పన్నెండున్నరకి వెయ్‌క్కో వచ్చాడు,
బూట్లకి మంచు, చంకలో కార్డుల పెట్టె.
మంచు నొక్కితే ఓడ పొట్ట ఎంత ఓర్చుకుంటుందో
తెలియాలట. నూట నలభై ఒకటి కావాలి.

"రేకులు రెండింటికి దిగిపోతాయి," అన్నాను.
"అప్పుడు రెండు చివర్లూ కలిపి నూట అరవై."
"మరింకేం?"
"మధ్యలో జీతాలున్నాయి."
"గోడ జరపండి, తెల్లెర్వో."
"జరపాలంటే అందర్నీ బయటికి పంపాలి.
ఆరింటికి వెల్డర్లు కిటికీ ముందు నిలబడతారు."

ఏమీ అనలేదు. నేల మీద చతికిలబడి
కార్డులు రెండు కుప్పలు చేశాడు:
ఓడ ముక్కు ఒకటి, తోక ఒకటి.
ముక్కు పని ముగించుకు లేచాక
తోకని పిలిచి అదే చాప మీద కూర్చోబెడతాడట.

మూడింటికి ఆగిపోయింది.
ముక్కు మీద పడ్డ ఒత్తిడి, ఆ ఒక్క అంకె,
తోక వచ్చి కూర్చుంటూ చెరిపేసింది.
అచ్చయిన కాగితంలో వెతికి వెతికి పట్టుకున్నాం.
నేనే కొత్త కార్డు మీద పొడిచిచ్చాను.
చేతులు కడుక్కోకుండా తిన్న రొట్టెకి
రిబ్బను సిరా వాసన.

అయిదుంబావుకి ఓడ వంగింది,
పదకొండో పక్కటెముక దగ్గర.
"వంగింది!" అని పెళ్ళి కుదిరినంత సంబరంగా అరిచాడు.
అప్పటికి జీతాల చీటీలు చింపి కట్టలు కట్టేశాను.
కిటికీ అవతల తొలి వెల్డరు
గ్లౌజుల్లోకి ఊదుకుంటూ నిలబడ్డాడు.

డ్యూటీ పుస్తకంలో రాయాల్సినవి రాశాను.
ఇంకో గడి మిగిలింది.
చివరి వాటా, ముప్పై రెండు:
రాత్రంతా ఖాళీ. ఎవరూ అడగలేదు.