లొల్ల లాకుల దగ్గర

గనియ్య డోలు మీద చెయ్యి వేశాడు.
చెవిలో మోత వెంట్రుకవాసి ఆలస్యం.
"నా దెబ్బ నాకే ఎరువిచ్చినట్టుందేటి బాబూ?"

జావాలో రాశాను మరి.
జతి మధ్యలో ఉన్నట్టుండి
చీపురు పట్టి వాకిలి ఊడ్చుకునే భాష.

సి ప్లస్ ప్లస్ ఊడవదు, అడగదు.
నేను మరిచింది నట్టింట్లోనే మురుగుతుంది.
రస్ట్ అయితే గట్టు తగువుకొచ్చిన అమీను:
ప్రతి మాటకీ, ఇది ఎవరి పేరున ఉంది?
వారం రోజులు దస్తావేజులు చూపించాను.

కిటికీ అవతల
నీళ్లు సమానమయ్యేదాకా
లాకులో ఆగింది గడ్డి పడవ.
పడవ ఆగొచ్చు.
శబ్దం దారిలో లాకు పెట్టకూడదు,
రెండు మిల్లీసెకన్లే గడువు.

గనియ్య మళ్లీ కొట్టాడు.
ఏ భాషో అడగలేదు.
"ఇప్పుడు నాదే" అన్నాడు
వార్లు బిగించుకుంటూ.