తలకట్టు

స్ప్రింగ్‌వేల్ స్టేషన్ దాటాక
చేపల దుకాణానికీ బంగారం కొట్టుకీ మధ్య ఇరుక్కుని
సోఫీప్ సెలూను.
కత్తిరింపు ఇరవై రెండు డాలర్లు. కబుర్లకి లెక్క లేదు.

"జూన్ చలిలో చెవులు ఎండకి కాలాయేంటి?"
అద్దంలోంచి అడిగింది.
"నోమ్‌పెన్ వెళ్ళొచ్చా.
ఐదు రోజులు. ఊరికే."

కత్తెర ఆగుతుందనుకున్నాను.
ఆగలేదు.
అదే అలుసుగా నా వాగుడు మొదలు:

పొద్దున్నే ఎముకల పులుసులో తేలే బియ్యపు సేమియా,
ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు బిగించిన ఐస్ కాఫీ,
దాన్ని టుక్‌టుక్ కమ్మీకి తగిలించి
పెళ్ళికూతురిలా ఊరేగడం.
పసుపు గుమ్మటం బజార్లో
గడియారాలమ్మే ముసలాయన నా బేరానికి నవ్వి
అరటిపండు చేతిలో పెట్టడం.
సాలీడు వేపుడు: ఒక కాలు తిన్నాను, ఏడు వదిలేశాను.
ఇంటి నంబర్లయితే మరీ విడ్డూరం,
పన్నెండు పక్కన నూట నాలుగు,
దాని పక్కన మళ్ళీ పన్నెండు!
సాయంత్రం ఏటి గట్టున
అరవైమంది ఆడవాళ్ళు మైకు పాటకి చేతులూపుతుంటే
చెప్పులు విడిచి ఆఖరి వరసలో నేనూ ఊపాను.
ఎంత హాయో, సోఫీప్.
నన్నెవరూ ఏమీ అడగని ఊరు.

"దిగిందెక్కడ?"
"మ్యూజియం వెనకాల."
"వీధి మలుపులో నీలం తలుపుల మంగలి షాపు,
ఒకే అద్దం, రెండు కుర్చీలు.
ఉందా?"

ఆ మలుపులో నేను రోజూ నిమ్మసోడా తాగాను.
ఎదురుగా ఏముందో
ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

ఫోను తీశాను. మూడొందల పన్నెండు ఫోటోలు.
గిన్నెలు, గ్లాసులు, మెట్లమీద పిల్లి,
ఇసకలో నా కాళ్ళు, మళ్ళీ ఆ పిల్లే.
మలుపుది ఒక్కటంటే ఒక్కటి దొరికింది.
సరిగ్గా ఆ మూల మీద
పళ్ళికిలించి నా మొహం.

సోఫీప్ తడిచేతిని ఆప్రాన్‌కి తుడుచుకుని
రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది.
నా చెంపని మెల్లగా పక్కకి తోసింది,
తెర తొలగించినట్టు.
చెంప వెనకాల చెంపే ఉంది.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు," అంది నీళ్ళు చిలకరిస్తూ.
"ఊరు ఖాళీ చెయ్యమన్నారు. మూడ్రోజులే అన్నారు.
తుప్పు పడతాయని
నాన్న కత్తెరలకి నూనె రాసి మరీ తాళం వేశాడు.
తల వంచు."

వంచాను.
మెడ మీద మెషీను గుర్రుమంది.

"మళ్ళీ వెళ్ళలేదా?"
"రెండుసార్లు ఫారం తీశా.
ఎందుకొస్తున్నారు అనే గడి దగ్గర ఆగిపోయా.
నువ్వేం రాశావ్?"
వినోదం, అని చెప్పడానికి
గొంతు సవరించుకోవాల్సొచ్చింది.

తర్వాత కార్డు ముక్క మీద
నాన్న షాపు బోర్డు రాసి చూపించింది.
గుండ్రటి అక్షరాలు, ఒక్కోదాని నెత్తిన చిన్న కొస.
"దీన్ని మేం జుట్టంటాం."
"మేం తలకట్టంటాం!"
కుర్చీలోంచి సగం లేచాను.
"మాకు గుడి పెడితే తలకట్టు పోతుంది,
గుడికెళితే జుట్టే పోతుంది..."
ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక
మధ్యలోనే చతికిలబడ్డాను.
అర్థం కాకపోయినా నవ్వింది,
అక్షరాలక్కూడా క్షవరమా అని.

డబ్బులు తీసుకుని, నేల ఊడుస్తూ,
నా వైపు చూడకుండానే అంది:
"ఈసారి వెళితే
కొంచెం పక్కకి జరిగి తియ్యి."

క్రాన్‌బోర్న్ రైలు ఆలస్యం.
కొత్తగా బయటపడ్డ మెడ మీద చలిగాలి.
జేబులో కార్డు:
ఒకవైపు నేను చదవలేని నీలం తలుపులు,
రెండోవైపు
ఆగస్టు తొమ్మిది, శనివారం, పదిన్నర,
నా పేరు, తప్పు స్పెల్లింగుతో.