కొలత టేపు

నలభై ఏండ్లు మందిని కొలిచిన టేపు
గాంధీ దవాఖానల చేర్పిచ్చిన్నాడు గూడ నా మెడల్నే ఉండె.
నర్సమ్మ తియ్యమంటె
"తాయెత్తు గూడ తియ్యమంటరా" అన్న.

పక్క మంచం బానోతు హరిలాల్. ఇరవై మూడేండ్లోడు.
నాగోలు ఫ్లైఓవర్ కాడ
ఎవరిదో బిర్యానీతోటి సహా బోల్తవడ్డడు.
నేనా? చిలకలగూడల, నా దుకాణం మెట్టు మీద్నే.
ఇద్దరికి ఎడమ కాలే. ఇద్దరికి చీలమండే.

ఏం తోచక, మోకాలికి జానెడు పైన
పెన్నుతో గీత గీసి కొలిచిన.
వానిది ఇరవై రెండించులు, నాది పదిహేడున్నర.
"ప్యాంటు కుడ్తవా తాతా?"
"కుడ్త. ఒక్క కాలిది. సగం కూలి."

రెండో బేస్తారం
వానిది ఇరవై ఒకటి.
నాది పదిహేడు దాటి ఒక గీత.
వాడు దుప్పటి మొకం మీదికి గుంజుకున్నడు.
నాకు, చెప్తె సిగ్గు, లోపల సంబురమైంది.
పడుచోని కంటె తక్కువ అరిగిన గద!

కసరత్తు చేపిచ్చే సుభాషిణమ్మ టేపు దిక్కు సూసింది.
"ఉన్నోనిది ఎక్కువ పోతది, రాజలింగం గారు.
పోవుడు కాదు, మల్ల వచ్చుడు సూడాలె."
అర్థం కానట్టు గోడ దిక్కు తిరిగిన.

బోనాలకు ముందు కట్లు కోసిండ్రు.
దసరాకు హరిలాల్ దుకాణానికొచ్చిండు, బండి మీద.
గీత మాసిపోయింది, అందాజకు కొలిచిన.
ఇరవై రెండుకు దారమంత తక్కువ.
నాది పదహారు కాడ
మేకు కొట్టినట్టు ఆగి ఉన్నది.

చిన్నపిల్లల బట్టలకు
లోపల రెండించులు మడిచి కుడ్తం,
పెరిగితె విప్పుకోను.
వాని కాలిల ఆ మడత ఇంకా ఉన్నది.
నాది ఏ ఏడు విప్పుకున్ననో
యాదికే లేదు.

ఉన్నది, యాదికున్నది.
మూడేండ్ల కింద మిషనుకు మోటరు పెట్టిచ్చిన.
బొటనేలు ఆనిస్తె చాలు, సూది ఉరికేది.
అందరు సుఖపడ్డవ్ అన్నరు.
ఆ దినమే కాలుకు కట్టు కట్టిన,
సిమెంటు లేకుంట.

హరిలాల్ నల్లగుడ్డ తెచ్చిండు.
మోటరు బెల్టు ఊడదీసి, చక్రానికి పాత తోలు పట్టా ఎక్కిచ్చిన.
పది తొక్కుళ్లకే తొడ వణికింది,
కుట్టు వంకరవోయింది.
విప్పిన. మల్ల తొక్కిన. మల్ల విప్పిన.

"వారంల ఇయ్యలేను పోరగా, నెల పడ్తది."
"రెండు కాళ్లదేనా తాతా?"

ఎడమది ముందు కుడ్తున్న.